టెండరు మన పేరున వేద్దాం



మన ముద్దనూరుకు దగ్గర్లో, కలమల్ల వద్ద థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇన్నేళ్లుగా మనవాళ్లు అక్కడ ఇంకొకరి కాంట్రాక్టు కింద కూలికే పోతున్నారు. టెండరు వేయమంటే “ధరావతు డబ్బెక్కడిది భాయ్?” అంటారు. నిజమే.

కానీ పులివెందుల వైపు తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం కేంద్ర ప్రభుత్వ సంస్థది. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం కేంద్ర సంస్థలు తాము కొనే సరుకులు, సేవల్లో 25 శాతం చిన్న యూనిట్ల నుంచే తీసుకోవాలి. ఉద్యమ్‌లో నమోదైతే ధరావతు మినహాయింపు, టెండరు ఫారం ఉచితం. కట్టడం పనులకు మాత్రం ఇది వర్తించదు, జాగ్రత్త. మన దర్జీలు యూనిఫారాలకు ధర వేయవచ్చు గదా!

ఒక్క పేజీలో సంతకం మరచి నేనొక టెండరు పోగొట్టుకున్నాను. అందుకే అడుగుతున్నాను: కాగితాలు సరిచూడడానికి ఆదివారాలు సంఘంలో ఇద్దరు కూర్చోవాలి. ఒకణ్ణి నేను. రెండోవారెవరు?