కళ్ళు మసకబారాయంటే నమ్మండి
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక జబ్బుకు మందులు వాడుతున్న స్త్రీ "కళ్ళు సరిగ్గా ఆనడం లేదు" అంటే ఇంట్లోవాళ్ళు ఏమంటారు? "మళ్ళీ మొదలుపెట్టింది" అంటారు. ఒకసారి పిచ్చిదన్న ముద్ర పడ్డాక ఆమె ఏ బాధ చెప్పినా జబ్బు ఖాతాలోకే పోతుంది. కానీ ఆమె మాట నిజం కావచ్చు. అరుదుగానైనా ఈ మందుల్లో కొన్ని చూపును దెబ్బతీస్తాయి.

థయోరిడజిన్ సంగతే చూడండి. రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే ఇది కంటి వెనకుండే రెటీనాను పాడుచేయవచ్చు. ముందు రాత్రిపూట చూపు తగ్గుతుంది. రంగులు గోధుమ ఛాయలో కనిపిస్తాయి. మందు ఆపాక కూడా కొందరిలో నష్టం పెరుగుతూనే ఉంటుంది. గుండె లయ తప్పిస్తోందని దీని అసలు తయారీ కంపెనీ 2005లో అమ్మకం నిలిపేసింది. కళ్ళకు చేసే హాని అంతకు దశాబ్దాల ముందే తెలుసు.

1952 నుంచి మానసిక వైద్యంలో ఉన్న క్లోర్‌ప్రోమజిన్‌ను ఏళ్ళ తరబడి పెద్ద మోతాదులో వాడితే కార్నియా మీద, కంటి లెన్సు మీద సన్నని రేణువులు పేరుకుంటాయి. చాలామందికి చూపేమీ తగ్గదు. కొందరికి తగ్గుతుంది.

మూడోది అత్యవసరమైనది. ఈ మందుల్లో కొన్నిటికీ, వణుకూ బిగుతూ తగ్గడానికి వాటితోపాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌కూ కంటిపాపను పెద్దది చేసే గుణం ఉంది. కంటి నిర్మాణం ఇరుకుగా ఉన్నవారిలో దానివల్ల కంట్లో ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చు. ఈ ముప్పు పురుషులకన్నా స్త్రీలకు, అందులోనూ వయసు మళ్ళినవారికి ఎక్కువ. కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు ఉంటే మర్నాటిదాకా ఆగకండి. వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మరి ఈ సంగతులు మందు రాసేటప్పుడే ఆమెకు చెప్పాలి కదా! మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 22వ సెక్షన్ అదే అంటోంది. చికిత్స ఏమిటో, దానివల్ల కలిగే దుష్ఫలితాలు ఏమిటో ఆమెకు అర్థమయ్యే భాషలో తెలియజేయాలి. భర్తకు చెప్పి ఊరుకుంటే చెల్లదు. తెలుసుకోవడం ఆమె హక్కు.

కనుక ఇళ్ళకు వెళ్ళినప్పుడు మందు పేరు, మోతాదు, ఎన్నేళ్ళుగా వాడుతోందో రాసుకోండి. "రాత్రిపూట చూపెలా ఉంది?" అని ఆమెనే అడగండి. కంటి పరీక్ష చేయించమని డాక్టరును కోరండి. అయితే భయపడి మందులు ఉన్నపళంగా మాన్పించొద్దు, జబ్బు తిరగబెట్టవచ్చు. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది డాక్టరూ ఆమే కలిసి తేల్చుకోవాలి. ఆ గదిలో ఆమె మాట వినబడేలా చూడడమే మన పని.