మాస్టారి టీకా, బడి తలుపు



2021 ఆగస్టు 16వ తేదీ మన సరిహద్దు గ్రామాలవారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఇచ్ఛాపురంలో ఒకటో తరగతి నుంచి బడులు తెరిచారు. అదే రోజు బరంపురంలో పిలిచింది తొమ్మిదో తరగతివారిని మాత్రమే. పదో తరగతి, పన్నెండో తరగతి జూలై 26నే మొదలయ్యాయి. అటు అక్క కూతురు సంచీ తగిలించుకుని బడికి వెళ్తూంటే, ఇటు చెల్లెలి కొడుకు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

టీకాల వరస చూడండి. 2021 జనవరి 16న దేశంలో మొదలైనప్పుడు తొలి వంతు వైద్య సిబ్బందిది. ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు మొదలైనవారిది. మార్చి 1 నుంచి వయసును బట్టి. ఉపాధ్యాయులకంటూ అందులో చోటు లేదు. ముప్పై ఏళ్ళ టీచరమ్మ మే నెల దాకా ఆగవలసిందే. 2020 మేలో సూరత్ నుంచి మన గంజాం కూలీలు వేలాదిగా తిరిగివచ్చినప్పుడు, పంచాయతీల్లో వారిని ఉంచిన శిబిరాలు చాలాచోట్ల బడి గదులే. బడిని అవసరానికి వాడుకున్నాం గాని, టీకా వరసలో బడిపంతులు గుర్తుకు రాలేదు.

యునిసెఫ్ అధిపతి హెన్రియెట్టా ఫోర్ 2020 డిసెంబరులోనే, వైద్య సిబ్బంది తరువాత ఉపాధ్యాయులను చూడమని కోరారు. మన కేంద్ర ఆరోగ్య మంత్రి మాండవీయ 2021 ఆగస్టు 25న, ఉపాధ్యాయ దినోత్సవం లోగా మాస్టార్లందరికీ వేయాలంటూ రాష్ట్రాలకు 2 కోట్లకు పైగా అదనపు డోసులు ప్రకటించారు.

ఇక్కడొక లెక్క ఉంది. కోవిషీల్డ్ రెండు సూదులకూ మధ్య అప్పట్లో కనీసం 84 రోజుల ఎడం ఉండాలి. సెప్టెంబరు 5న మొదటిది పడితే రెండోది నవంబరు 28న. అది ఒంటికి పట్టడానికి మరో రెండు వారాలు. ఆ పాటికి ఒమిక్రాన్ దేశంలోకి వచ్చేసింది, 2022 జనవరిలో బడులు మళ్ళీ మూశారు. ఒడిశాలో చిన్న తరగతులకు తలుపు తెరిచింది 2022 ఫిబ్రవరి 28న. అంటే 2020 మార్చి నుంచి ఇంచుమించు రెండేళ్ళు.

టీకా మాస్టారి ప్రాణానికి రక్ష. ముందు వంతు ఇవ్వడానికి ఆ ఒక్క కారణం చాలు. బడి తెరవడానికి దాన్ని షరతు చేయడం వేరే సంగతి. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఫిబ్రవరిలో ఉపాధ్యాయుల టీకా ముఖ్యమే గాని షరతు కాదంది. మరుసటి నెలలోనే అధ్యక్షుడు బైడెన్ టీచర్లకు ముందుగా వేయమన్నారు. ఈ రెండూ కలిసి నడవగలవు. మన దగ్గర టీకా ఆలస్యమయింది, చిన్న తరగతులు ఇంకా ఆలస్యమయ్యాయి.

బరంపురం తెలుగు పిల్లలకు ఇందులో మరో నష్టం ఉంది. తెలుగు మాట ఇంట్లో వినిపిస్తుంది, టీవీలో వినిపిస్తుంది. తెలుగు అక్షరం మాత్రం బడిలోనే కనిపిస్తుంది. వీధిలో దుకాణం బోర్డు, బస్సు మీద ఊరి పేరు ఒడియాలో ఉంటాయి కదా! 2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల, ఇంచుమించు రెండేళ్ళు గడిచాక నేరుగా రెండో తరగతి చివర్లో బల్ల మీద కూర్చుంది.

ఆ పిల్ల ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది. మీ ఇంట్లో అటువంటి పిల్ల ఉంటే, ఈ సాయంత్రం ఏదైనా తెలుగు పుస్తకం చేతికిచ్చి ఒక పేజీ పైకి చదవమనండి. ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఆగిపోతే కోప్పడకండి, రేపు వాళ్ళ మాస్టారికి ఆ సంగతి చెప్పండి.