శిక్ష ముగిసింది, ఇల్లేదీ?

(బుచ్చిరెడ్డిపాలెంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జైలు నుంచి వచ్చిన మగవాడికి తలుపు తీసే తల్లో, భార్యో చాలాసార్లు ఉంటుంది. అదే స్త్రీ అయితే అత్తింటి తలుపు మూసుకుంటుంది, పుట్టింటివాళ్లు పరువు చూసుకుంటారు. ఇక మిగిలేది అద్దె ఇల్లు. అక్కడ మొదటి ప్రశ్న ‘మీ ఆయనేం చేస్తాడు?’ రెండోది ‘ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?’ నిజం చెబితే ఇల్లు దొరకదు. దాచిపెడితే, పోలీసులు విచారణకు వచ్చిన రోజున సామాను వీధిలో పడుతుంది.

ఈ అనుమానం మన జిల్లాకు కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను కావలి ప్రాంతంలో, కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు పెట్టి ఉంచారు. ఎక్కడ నివసించాలో వాళ్లు కాదు, ప్రభుత్వం నిర్ణయించింది. ఏ నేరమూ చేయని స్త్రీలూ పిల్లలూ ఆ నిఘాలోనే బతికారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది, అనుమానం రద్దు కాలేదు. విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయవద్దని 2024లో కూడా సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పవలసి వచ్చింది. కాబట్టి జైలు నుంచి వచ్చిన ఎరుకల స్త్రీ రెండు ముద్రలు మోస్తుంది.

అయితే చట్టంలో మనం వాడుకోని ఆసరాలున్నాయి. శిక్ష పూర్తయినవారికి ఇల్లు అద్దెకివ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. నిఘా పేరుతో పోలీసులు రాత్రిపూట ఇళ్లకు వెళ్లడాన్ని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టివేసింది. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ స్త్రీకి ఉమ్మడి నివాసంలో ఉండే హక్కునిచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా అది ఉమ్మడి నివాసం కావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జైలుకెళ్తే ఈ హక్కు పోతుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు. కుటుంబ ఆదరణ లేకుండా విడుదలైన స్త్రీలకు ఆశ్రయమివ్వాలని స్వధార్ పథకం చెప్పింది, ఇప్పుడది శక్తి సదన్. కానీ ఆశ్రయం తాత్కాలికం. ఇల్లంటే లోపలి నుంచి తాను గడియ పెట్టుకోగలిగేది.

మనం చేయగలిగిన పనులు మూడు. విడుదలకు ముందే జైలుకెళ్లి, ఆమె ఎక్కడ ఉండాలనుకుంటుందో ఆమెనే అడగాలి. అత్తింట్లో ఉంటానంటే రక్షణాధికారి ద్వారా కోర్టులో నివాసపు ఉత్తర్వు కోరాలి. అద్దె ఇల్లే కావాలంటే ఆమెను ఒంటరిగా పంపకుండా, సంఘంగా వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడాలి, ఆమె తరఫున మనం మాట ఇవ్వాలి.

కోర్టు ఆమెకు ఇన్నేళ్లని శిక్ష వేసింది. ఆ లెక్క జైలు గేటు దగ్గరే ముగిసింది. దాన్ని పొడిగించే అధికారం ఇంటి యజమానికి గానీ, ఇరుగుపొరుగుకి గానీ ఎవరూ ఇవ్వలేదు.