కీలు దగ్గర నొప్పంటే కీలు అరిగినట్టేనా?

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. నేను డాక్టర్ని కాను, ఇంజినీర్ని. అయితే ముప్ఫై ఏళ్లుగా భవన నిర్మాణ పనుల్లో మేస్త్రీలు, కూలీల మధ్య ఉన్నాను. వాళ్ల మోకాళ్లు, మోచేతులు చూస్తూ, డాక్టర్లను అడిగి తెలుసుకున్న ఒక సంగతి మనందరికీ పనికొస్తుందని చెబుతున్నాను.

మన వయసులో మోకాలో భుజమో నొప్పి పెడితే "ఇంకేముంది, కీళ్లు అరిగిపోయాయి" అనేస్తాం. నడక మానేస్తాం. నొప్పి బిళ్లలు కొనుక్కుని నెలల తరబడి మింగుతాం. కానీ కీలు దగ్గర వచ్చే ప్రతి నొప్పీ అరుగుదల కాదు. కొన్నిసార్లు బాధంతా కీలు పక్కనుండే చిన్న తిత్తిలో ఉంటుంది. ఆ తిత్తి వాపునే బర్సైటిస్ అంటారు.

యంత్రంలో రెండు భాగాలు రాసుకునే చోట గ్రీజు పెడతాం. ఒంట్లో ఎముక మీద చర్మం గానీ, స్నాయువు గానీ జారే చోట బర్సా అనే సన్నని తిత్తి ఉంటుంది. ఇలాంటివి మనిషికి సుమారు 150 ఉంటాయి. మామూలుగా వాటిలో కొద్దిపాటి జిగురు ద్రవమే ఉంటుంది. ఒకేచోట పదేపదే రాపిడి జరిగినా, ఎక్కువసేపు ఒత్తిడి పడినా, దెబ్బ తగిలినా తిత్తి వాచి నీరు చేరుతుంది. గౌట్, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికీ రావచ్చు.

ఇంగ్లీషువాళ్లు దీనికి పనులను బట్టే పేర్లు పెట్టారు. మోకాళ్ల మీద వంగి నేల తుడిచేవారికి వచ్చేది పనిమనిషి మోకాలు. మోచేతులు బల్లకు ఆనించి చదివేవారికి వచ్చేది విద్యార్థి మోచేయి. గంటల తరబడి గట్టి పీట మీద కూర్చునేవారికి పిరుదుల దగ్గర వచ్చేది నేతగాడి జబ్బు. చెయ్యి పైకెత్తి ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసిన మన మాస్టార్లకు భుజంలోనూ రావచ్చు.

మా సైట్లో టైల్స్ వేసే మేస్త్రీ ఒకతను ఉండేవాడు. మోకాలిచిప్ప మీద నిమ్మకాయంత వాపు వచ్చింది. మోకాలు పోయిందని, ఇక పని వదిలేయాల్సిందేనని భయపడ్డాడు. రోజుకూలి మీద బతికే ఇల్లు. డాక్టరు పరీక్షించి, కీలు బాగానే ఉంది, వాచింది పైనున్న తిత్తి మాత్రమే అన్నారు. మూడు వారాలు మోకాలు నేలకు ఆనించకుండా నిలబడి చేసే పని ఇచ్చాం. తరువాత మోకాళ్లకు మెత్తని ప్యాడ్లు కట్టుకుని మళ్లీ టైల్స్ పనిలోకి దిగాడు.

వైద్యంలో ముఖ్యమైనది ఆ ఒత్తిడిని తప్పించడమే. బేరింగు వేడెక్కితే ముందు లోడు ఎక్కడ పడుతోందో చూస్తాం కదా, ఇదీ అంతే. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసును 15 నుంచి 20 నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెట్టాలి. గట్టిగా మర్దనా చేయకూడదు. నొప్పి బిళ్లలు బీపీ, కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టర్లు నీరు తీసి పరీక్షిస్తారు, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ దాకా వెళ్లేది అరుదు. భుజం విషయంలో ఒక జాగ్రత్త: నొప్పని చెయ్యి పూర్తిగా కదపడం మానేస్తే భుజం బిగుసుకుపోతుంది. షుగరు ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. వాపు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా వస్తే తిత్తిలో చీము పడుతోందేమో అనుకోవాలి. మోచేయి, మోకాలిచిప్ప మీది తిత్తులు చర్మం కిందే ఉంటాయి కాబట్టి చిన్న గీరుడుతోనూ క్రిములు చేరతాయి. అదేరోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో సూదితో పొడిచి నీరు తీయడం అసలు చేయకూడదు.

రాకుండా చూసుకోవడం పెద్ద ఖర్చు కాదు. పూజకో, ప్రార్థనకో, నమాజుకో, తోట పనికో మోకాళ్ల మీద ఉండేవారు కింద మెత్తటి బట్ట మడతపెట్టుకోండి. కంప్యూటర్ ముందు మోచేయి బల్ల అంచుకు ఆనించకండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. తొడ, భుజం కండరాలకు తేలికపాటి వ్యాయామం ఇవ్వండి. బరువు అదుపులో ఉంచుకోండి.

రిటైరైన మన గురువుల్లో ఎవరైనా మోకాలి నొప్పి అని నడక మానేసి ఉంటే, వారి ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థి ఒకసారి ఎముకల డాక్టరు దగ్గరకు తోడు వెళ్లాలని నా విన్నపం. అది అరుగుదలో, తిత్తి వాపో తేలితే సగం దిగులు తీరుతుంది. సెలవు.