విక్ చెస్నట్‌కి జాలి అక్కర్లేదు
(సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విక్ చెస్నట్ అనే అమెరికా పాటగాడి గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగారు. "ఎవరాయన? మనకేమవుతాడు?" అని వెనకనించి ఎవరో అంటున్నారు. ఏమీ కాడు. పాటలు విన్నాం, మనసుకి పట్టాయి. అంతకుమించిన చుట్టరికం మేం కల్పించం.

1964లో ఫ్లోరిడాలో పుట్టాడు. ఒక కుటుంబం దత్తు తీసుకుంది. జార్జియా రాష్ట్రంలో జెబులాన్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. గిటారు తాత నేర్పాడు. ఊరంతా చర్చికి పోయే ఆ ప్రాంతంలో పదమూడేళ్ళకే దేవుడు లేడని ప్రకటించాడు, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు. 1983లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, తాగి కారు నడిపి ప్రమాదం చేసుకున్నాడు. మెడ దెబ్బతింది. కాళ్ళు పడిపోయాయి, చేతివేళ్ళు కొంచెమే కదిలేవి. ఇక చక్రాల కుర్చీయే. "తప్పు ఆయనదే కదా" అనేవాళ్ళున్నారు. ఆయన దాచిందెప్పుడు, మీరు కొత్తగా కనిపెట్టడానికి?

అసలు సంగతి పాట. ఆ వేళ్ళకి గిటారు మీద కష్టమైన వాయింపులు రావు. తేలిగ్గా పట్టగలిగేవి కొన్నే. ఆ కొన్నిటితోనే పాట కట్టాలి. దాంతో బరువంతా మాట మీద పడింది. విక్ ఆ బరువు మోశాడు. పల్లెటూరి యాస, పుస్తకంలో తప్ప కనబడని పెద్ద మాట, ఎకసెక్కెం, అన్నీ ఒకేచోట కూర్చోబెట్టాడు. మాటని సాగదీస్తాడు, నములుతాడు, ఉన్నట్టుండి ఆపేస్తాడు. తియ్యని గొంతు అని మేం అనం. ఆ గొంతులో అబద్ధం ఆడటం కష్టం, అంతే.

ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్ళో 40 వాట్ క్లబ్‌లో పాడుతుంటే ఆర్.ఇ.ఎం. బాండు గాయకుడు మైకేల్ స్టైప్ విన్నాడు. ఆయనే దగ్గరుండి రికార్డు చేయించిన మొదటి ఆల్బమ్ 'లిటిల్' 1990లో వచ్చింది. పెద్ద కంపెనీల గడప బయట, చిన్న కంపెనీలు వేసే ఇలాంటి పాటల్నే ఇండీ రాక్ అంటారు. పేరొస్తుంది. డబ్బు మాత్రం అంతంతే.

1996లో ఒక పని జరిగింది. జబ్బుపడి వైద్యం చేయించుకోలేని సంగీతకారుల కోసం స్వీట్ రిలీఫ్ అనే నిధి ఉంది. ఆ నిధికి డబ్బు పోగుచెయ్యడానికి విక్ పాటల్ని ఆర్.ఇ.ఎం., మడోనా వంటి పెద్దపెద్దవాళ్ళు పాడి ఆల్బమ్ వేశారు. అంటే ఈయన పాటలు ఇంకొకరి ఆసుపత్రి బిల్లు కట్టాయి. మరి ఈయన బిల్లో?

ఆ దేశంలో ఇలాంటి శరీరం ఉన్నవాడికి అప్పట్లో సరైన బీమా ఎవడూ ఇచ్చేవాడు కాదు. దొరికిన అరకొర బీమా చాల్లేదు. 2009 నాటికి ఆసుపత్రి బాకీ వేల డాలర్లకి చేరింది. ఆసుపత్రివాళ్ళు కోర్టుకెక్కారు. వైద్యం అవసరమని తెలిసీ, బాకీకి భయపడి మళ్ళీ పోలేకపోతున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన పక్కన వాయించిందేమో కెనడావాళ్ళు, మాంట్రియల్ వాళ్ళు. ఆసుపత్రి బాకీకి మనిషిని కోర్టుకీడ్చడం వాళ్ళ దేశంలో ఊహకందని సంగతి.

2009 డిసెంబర్ 24న అమెరికా సెనేట్ ఆరోగ్య బీమా బిల్లుని 60-39 ఓట్లతో గట్టెక్కించింది. మర్నాడు, క్రిస్మస్ రోజున, విక్ పోయాడు. మందుల మోతాదు మించి కోమాలోకి వెళ్ళాడు, మళ్ళీ లేవలేదు. నలభై అయిదేళ్ళు. ఒక్కరోజు తేడా అని కొందరు నిట్టూరుస్తారు. ఒక్కరోజేమిటి? పాత జబ్బుందని పెద్దవాళ్ళకి బీమా నిరాకరించకూడదనే నియమం అమల్లోకి వచ్చింది 2014లో!

బిల్లే చంపిందని మేం అనం. అంతకుముందు కూడా చావబోయి బతికానని ఆయన రేడియోలోనే చెప్పాడు. ఏదో ఒక్క కారణం రాసి ఫైలు మూసెయ్యడం పోలీసు స్టేషన్ పని. అయితే "బాధపడ్డాడు కాబట్టే గొప్ప పాటలొచ్చాయి" అనే మాట మాత్రం మేం ఒప్పుకోం. బాధ గిటారు వాయించదు. 2007 నించి 2009 లోపు నాలుగు ఆల్బమ్‌లు వేశాడు, ఆ కుర్చీలోనే ఊళ్ళు తిరిగి పాడాడు. అది కష్టం చేసే మనిషి లెక్క. ఆ కష్టానికి వైద్యం గిట్టలేదు. పోయాక కుటుంబం కోసం తోటి గాయని క్రిస్టిన్ హెర్ష్ చందాలు పోగుచేసింది. మళ్ళీ చందాలే!

చివరి ఏడాది ఆల్బమ్ 'ఎట్ ద కట్'లో 'ఫ్లర్టెడ్ విత్ యు ఆల్ మై లైఫ్' అనే పాట ఉంది. మొదట్లో ఎవరో ప్రియురాలితో మాట్లాడుతున్నట్టుంటుంది. పోనుపోను తెలుస్తుంది, ఆమె చావు అని. ఆమెతో తెగతెంపులు చేసుకునే పాట ఇది. నేనింకా సిద్ధంగా లేనని చెప్పేస్తాడు. ఈ పాట మనిషి బతకాలనుకున్న పాట. తర్వాత జరిగిందాన్ని పట్టుకుని దీన్ని మరణ వాంగ్మూలం చెయ్యకండి.

ఇప్పుడు ఆ పాట పెడతాం. ఇంగ్లీషు అందకపోతే గొంతు వినండి. తర్వాత ఆయనవే ఇంకో రెండు పెడతాం, వాటిలో ఎకసెక్కెం ఎక్కువ. నవ్వొస్తే నవ్వండి, సంస్మరణ సభ అని బిగబట్టుకోకండి.