లెక్క అడగడం పాపం కాదు

(ఉపదేశులు, సంఘ పెద్దలు, యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మన పల్లెల్లో అందరం విన్న మాటే ఇది: "ఫాదర్ గారిని లెక్కడిగితే శాపం తగులుద్ది." కూలికి పోయొచ్చిన ముసలమ్మ కొంగున ముడేసుకున్న పది రూపాయలు విప్పి కానుక పళ్ళెంలో వేస్తది. ఆ పది రూపాయలు ఏమైనయ్యని అడిగితే మాత్రం విశ్వాసం లేనోళ్ళం అయిపోతాం! ఆసామి ముందు నోరు మూసుకున్న అలవాటే గుళ్ళో కూడా మనల్ని పట్టుకుంది. ఆ భయానికి మనం భక్తి అని పేరు పెట్టుకున్నాం.

మరి శ్రీసభ చట్టం ఏమంటున్నది? 1983లో అమల్లోకి వచ్చిన చట్టం తీసి చూడండి. 537వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం ఉండి తీరాలి. 1284 ప్రకారం జమాఖర్చుల పుస్తకం రాయాలి, ఏటా లెక్క తేల్చాలి. 1287 ప్రకారం విశ్వాసులిచ్చిన కానుకల లెక్క విశ్వాసులకే చెప్పాలి. 492 ప్రకారం మేత్రాసన ఆర్థిక సంఘంలో బిషప్ గారి దగ్గరి బంధువులు ఉండకూడదు. 212 ప్రకారం శ్రీసభ మేలు కోసం మన అభిప్రాయం గురువులకు చెప్పడం మన హక్కు, ఒక్కోసారి మన బాధ్యత కూడా. విచారణలో ఆర్థిక సంఘం సలహా చెప్పేదే గానీ శాసించేది కాదు. అయినా సరే, పుస్తకం తెరిచి పదిమంది ముందు చదివితే సగం దొంగతనం అక్కడే ఆగుద్ది.

"అడిగితే ఏమొస్తది, పెద్దోళ్ళంతా ఒకటే" అంటారు కొందరు. వాళ్ళకు ఒక ఊరి సంగతి చెప్తా. దక్షిణ అమెరికాలో చిలీ దేశం, ఒసోర్నో అనే ఊరు. ఆ దేశంలో కరాదిమా అనే పేరుమోసిన గురువు పిల్లల్ని చెరిచాడని 2011లో రోమే తేల్చింది. ఆయన శిష్యుడు బారోస్ ఆ ఘోరాలు చూసి కూడా కప్పిపెట్టాడని బాధితులు చెప్పారు. ఆయన కాదన్నాడు. 2015లో ఆ బారోస్‌నే ఒసోర్నోకి బిషప్‌గా వేశారు. ఆయన పీఠమెక్కే రోజున జనం నల్లబట్టలు కట్టుకుని గుళ్ళోకే పోయి వద్దన్నారు. అప్పటి పోపు ఫ్రాన్సిస్ గారు ఆ ఊరివాళ్ళది తెలివితక్కువతనం అన్నారు. 2018 జనవరిలో అవన్నీ అపనిందలన్నారు. జనం తగ్గలేదు. చివరికి ఆయనే దర్యాప్తుకు మనుషుల్ని పంపారు. ఏప్రిల్‌లో తాను పెద్ద పొరపాటు పడ్డానని ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. జూన్‌లో బారోస్ రాజీనామా ఆమోదించారు. మూడేళ్ళు పట్టింది. గుడి వదలకుండా, చెయ్యెత్తి కొట్టకుండా గెలిచారు.

తెలివిలేదు అనే మాట మనకు కొత్తా? తరతరాలుగా తింటున్నదే గదా! 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళితుల గురించి ఒక విధాన పత్రం తెచ్చింది. దేశంలో కోటీ తొంభై లక్షల కథోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులేనని, పెత్తనంలో మాత్రం కొద్దిమందేనని ఒప్పుకుంది. గుడి నిండేది మనతో. పళ్ళెం నిండేది మనతో. బీరువా తాళం చెవి మాత్రం ఇంకొకరి మొలలో!

ఇక్కడ రెండు గుంటలున్నయ్. చూసి నడవాలి. ఒకటి, తప్పు చేసినోడు మన కులపోడైతే "మనోడే గదా" అని కప్పెయ్యడం. ఆ ముసలమ్మ కూడా మనదే గదా! ఆమె పది రూపాయలు ఎవరు తిన్నా తిన్నట్టే. రెండోది, పీఠం మీద దళితుడు కూచుంటే ఓర్వలేక కర్ర పట్టేవాళ్ళ వెనక పోవడం. 2016 ఏప్రిల్‌లో కడప బిషప్ గారిని, ఆయన దళితుడు, ఎత్తుకెళ్ళి కొట్టారు. అరెస్టయిన వాళ్ళలో ముగ్గురు ఫాదర్లున్నారు. అది లెక్క అడిగే పద్ధతి కాదు, రౌడీతనం. మనకు కాగితం చాలు.

కాబట్టి ఏం చెయ్యాలి? ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి పోండి. ఆడవాళ్ళను ముందుంచండి. నోటితో అడిగింది గాల్లో కలుస్తది. అర్జీ రాయండి, సంతకాలు, వేలిముద్రలు పెట్టండి, ఒక నకలు దగ్గరుంచుకోండి. కానుకలు, పండగ చందాలు, గుడి పొలం కౌలు, ఒక్కొక్క దానికి విడివిడిగా లెక్క అడగండి. ఫాదర్ గారు పలక్కపోతే మేత్రాసనానికి రాయండి. రుజువు లేని నింద ఎవరి మీదా వెయ్యొద్దు. ఆడబిడ్డ మీదో, పసిపిల్లల మీదో చెయ్యిపడితే మాత్రం గుడిపెద్దల దగ్గర పంచాయితీ పెట్టొద్దు. నేరుగా పోలీసు స్టేషన్‌కి పోండి.

మంచి గురువులున్నారు. లెక్క పుస్తకం వాళ్ళకే రక్షణ. ఈ ఆదివారం పూజ అయినాక ఎవరి విచారణలో వాళ్ళు ఒక్క ప్రశ్న అడగండి: "మన ఆర్థిక సంఘంలో ఎవరెవరున్నారు?" జవాబు రాకపోతే పని అక్కడే మొదలుపెట్టండి.