సంతుష్టి, సమజీవనం, భూమి పట్ల మన బాధ్యత
(వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)





వస్తువుల వాడకం పట్ల మన దృక్పథం ఎలా మారాలి, ఆ మార్పు భూమిని ఎలా కాపాడుతుంది అన్న విషయంపై మాట్లాడవలసిందిగా సంఘం మమ్ములను కోరింది. ఒప్పుకొన్న నాటి నుంచి ఒక ప్రశ్న మమ్ములను వెంటాడుతూనే ఉన్నది. తరతరాలుగా ఏమీ లేక బ్రతికిన వారి బిడ్డలకు, నిన్నగాక మొన్న నాలుగు వస్తువులు ఇంటికి తెచ్చుకొన్న వారికి, "తక్కువ వాడండి" అని చెప్పడం న్యాయమేనా? ఈ ప్రశ్నను పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడితే ఆ మాట మన గడప దాటి లోపలికి రాదు. కనుక అక్కడి నుంచే మొదలుపెడుతున్నాము.

మనకు లేకపోవడం మనం ఎంచుకొన్నది కాదు. శవాలపై కప్పిన బట్టలే కట్టుకోవాలని, పగిలిన పాత్రలలోనే తినాలని, ఇనుప నగలే ధరించాలని మనుస్మృతి పదవ అధ్యాయం చండాలురకు విధించింది. కాలికి చెప్పు, ఒంటిమీద చొక్కా, చేతిలో లోహపు చెంబు కూడా నేరమైన ఊళ్ళు మన పెద్దల జ్ఞాపకాలలో ఉన్నాయి. 1927 మార్చి 20న మహాడ్‌లోని చవదార్ చెరువు నీటిని బాబాసాహెబ్ దోసిలితో తీసుకొని త్రాగినప్పుడు ఆయన కోరింది నీటిని మాత్రమే కాదు. అందరిదీ అయిన దానిలో సమాన వాటా. అదే ఏడాది డిసెంబరులో, అదే మహాడ్‌లో మనుస్మృతిని దహనం చేశారు. ఆ రోజులలోనే ఆయన స్త్రీలనుద్దేశించి మాట్లాడుతూ, అంటరానితనాన్ని చాటిచెప్పే కట్టునూ, నగల తీరునూ విడిచిపెట్టమని బోధించారు. స్త్రీలు చీరకట్టు మార్చుకొన్నారు. శుభ్రమైన మంచి బట్ట మనకు అలంకారం కాదు, ఆత్మగౌరవం.

ధమ్మం కూడా పేదరికాన్ని కీర్తించలేదు. పేదరికం ధన్యమైన స్థితి అని బుద్ధుడు చెప్పలేదని బాబాసాహెబ్ తన "బుద్ధుడు - అతని ధమ్మం" గ్రంథంలో స్పష్టం చేశారు. అనాథపిండికునికి భగవానుడు గృహస్థుని నాలుగు సుఖాలను వివరించాడు. న్యాయంగా ఆర్జించిన సంపద కలిగి ఉండడం, దానిని అనుభవించడం, ఎవరికీ ఋణపడకుండా ఉండడం, నిందలేని నడవడి కలిగి ఉండడం. వీటిలో చివరిది అన్నింటిలోనూ గొప్పది. అయితే మొదటి రెండింటినీ ఆయన తోసిపుచ్చలేదని మనం గుర్తుంచుకోవాలి.

కాబట్టి పిల్లలకు పుస్తకాలు, తల్లికి వంటగ్యాసు, ఇంటికి మరుగుదొడ్డి, ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఫ్యాను కొనుక్కొన్న కుటుంబాన్ని ఎవరైనా భూమికి భారమని అంటే మేము అంగీకరించము. లేనివాని లేమి సంతుష్టి కాదు. కలిగి ఉండి, ఇంతతో చాలునని తెలుసుకొన్నవాడే సంతుష్టుడు.

మరి మన సమస్య ఎక్కడ మొదలవుతుంది? మూడో సుఖం దగ్గర, అంటే ఋణం లేకపోవడం దగ్గర. పనిచేస్తున్న ఫోను ఉండగానే కొత్త ఫోను వాయిదాలపై వస్తుంది. పెళ్ళికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు. ఒకప్పుడు మనకు ఏమీ ఉండకూడదన్నవాడు మనలను కొలిచాడు. ఇప్పుడు ఎంత ఉన్నదో చూసి అంగడి కొలుస్తున్నది. రెండు కొలతలలోనూ మనిషి విలువను వస్తువే నిర్ణయిస్తున్నది. పటిచ్చసముప్పాదం ఈ దారినే చూపుతుంది. కంటికి వస్తువు తగులుతుంది, వేదన పుడుతుంది, వేదన నుంచి తణ్హ, తణ్హ నుంచి పట్టుదలగా అంటిపెట్టుకొనే ఉపాదానం. ప్రకటన చేసే పనంతా వేదనకూ తణ్హకూ నడుమనున్న క్షణాన్ని తుడిచివేయడమే. ధమ్మ సాధన అంతా ఆ క్షణాన్ని తిరిగి సంపాదించుకోవడమే.

ఆ క్షణంలో మనం చూడవలసింది ఏమిటి? ఒక్క నూలు చొక్కాను తీసుకొందాము. దానికి కావలసిన పత్తి పండి బట్టగా మారేందుకు సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. చవదార్ చెరువు నీటికోసం దెబ్బలు తిన్న వారి వారసులం మనం; నీటి లెక్క మనకు చిన్నది కాదు. ఆ చొక్కాను కుట్టిన చేతుల సంగతి చూద్దాము. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా సమీపంలోని సావార్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. అత్యధికులు దుస్తుల కర్మాగారాల కార్మికులు, అందులోనూ స్త్రీలు. గోడలు పగుళ్ళిచ్చాయని ముందురోజే తెలిసినా వారిని పనిలోకి రప్పించారు. దూరదేశాల అంగళ్ళలో బట్ట చవకగా, త్వరగా దొరకాలన్న తొందర వెనుక ఆ పగుళ్ళు ఉన్నాయి.

పారవేసిన తరువాతి కథ మనకు ఇంకా దగ్గరిది. ఈ దేశంలో చెత్త ఎత్తే చేతులు ఏ కులాలవో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చేతులతో మలాన్ని ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. మురుగు కాలువలలో మరణించిన వారి కుటుంబాలకు చెల్లించవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. అంటే ఆ మరణాలు ఇంకా ఆగలేదు. మురుగు కాలువకు అడ్డుపడే ప్లాస్టిక్ సంచి ఎవరి ఇంటి నుంచి వచ్చినా, దానిని తీయడానికి దిగేది మన అన్నో తమ్ముడో. ఎండల మాట కూడా అంతే. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అటువంటి ఎండలకు ముందుగా బలయ్యేది నీడలేని చోట కూలి చేసుకొనేవారే. ఎక్కువ వాడేవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేవారు మరొకరు. అందుకే పర్యావరణం మనకు సమానత్వపు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన సంప్రదాయంలోనే దారులు ఉన్నాయి. మూడింటిని స్మరించుకొందాము.

మొదటిది వినయ పిటకంలోని కథ. కోసంబిలో ఉదేన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆనంద స్థవిరునికి ఐదు వందల వస్త్రాలు దానం చేశారు. రాజుకు అనుమానం కలిగింది. ఈ భిక్షువు ఏమైనా బట్టల వ్యాపారం చేస్తాడా అని. వెళ్ళి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవి? పడకపై దుప్పట్లు చేస్తాము. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? నేలపై పరిచే గుడ్డలు. అవి పాతబడితే కాళ్ళు తుడుచుకొనే పట్టలు, ఆ తరువాత దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి ముక్కలు చేసి, మట్టితో కలిపి, నేల మెత్తడానికి వాడుతామన్నాడు. రాజు సంతోషించి మరో ఐదు వందల వస్త్రాలు ఇచ్చాడు. ఈ కథ విన్నప్పుడు మన ఇళ్ళలోని అవ్వలు గుర్తుకు వస్తారు. చిరిగిన చీర బొంత అయ్యేది, ఉయ్యాల అయ్యేది, పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది, ఆఖరుకు మసిగుడ్డ అయ్యేది. వారు చేసినది లేమి వల్ల. ఆనందుడు చేసినది ఐదు వందల వస్త్రాలు చేతిలో ఉండగా. ఆ నేర్పును కలిమిలోనూ నిలుపుకోవడమే మనం నేర్వవలసినది.

రెండవది కోలియుల దీఘజాణునికి భగవానుడు చెప్పిన సమజీవిత. త్రాసు పట్టినవాడు ఏ వైపు ఎంత మొగ్గుతున్నదో ఎరిగినట్లు, గృహస్థు తన రాబడినీ వ్యయాన్నీ ఎరిగి నడవాలి. చాలని రాబడితో ఆడంబరంగా బ్రతికేవానిని, పండు కోసం మేడిచెట్టును కుదిపి, తిన్నదానికంటే ఎక్కువ నేలరాల్చేవానితో పోల్చాడు. అయితే కలిగి ఉండి కడుపు మాడ్చుకొనేవానిని కూడా ఆయన మెచ్చలేదు. నేటి మన అంగడి ఆ కుదిపిన మేడిచెట్టే. రాలిన పండ్లలో మనం తినేవి కొన్నే.

మూడవది మన నేలపైనే చెక్కి ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని పదునాలుగు శాసనాలూ ఉన్నాయి. మూడవ శాసనం తక్కువ వ్యయం, తక్కువ సంచయం మంచివని చెబుతున్నది. మొదటి శాసనంలో రాజు తన వంటశాల గురించి మాట్లాడాడు. ఒకప్పుడు అక్కడ రోజూ లక్షల ప్రాణులను వధించేవారని, ఇప్పుడు మూడింటినే, రెండు నెమళ్ళనూ ఒక లేడినీ వధిస్తున్నారని, ఆ లేడి కూడా నిత్యం కాదని, ఇకపై ఆ మూడూ ఉండవని ప్రకటించాడు. రెండవ శాసనంలో మనుషులకూ పశువులకూ మందు మొక్కలు నాటించినట్లు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచినట్లు చెప్పాడు. ఎక్కువ ఉన్నవాడు ముందు తగ్గించుకోవాలి. అందరిదీ అయిన దానిని పెంచాలి. ఇరవై రెండు శతాబ్దాలుగా ఆ బండ ఈ మాట చెబుతూనే ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మార్పు భారమంతా కొనేవాని మీదనే వేయడం తప్పు. మరమ్మతుకు వీలులేని వస్తువును తయారుచేసినవానిది, నదిలోకి విషాన్ని వదిలినవానిది, చూసీ చూడనట్లున్న అధికారానిది పెద్ద బాధ్యత. అలాగే సిద్ధం చేయకుండా విధించిన మార్పు కూడా పేదలనే కొడుతుంది. శ్రీలంకలో 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని హఠాత్తుగా నిషేధించారు. దిగుబడులు పడిపోయి రైతులు నష్టపోయారు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మంచి ఉద్దేశానికి తగిన ఉపాయం తోడుకాకపోతే అది కరుణ అనిపించుకోదు.

అయినా మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. మహాడ్‌లో చీరకట్టు మారింది. చచ్చిన గొడ్డు మాంసం తినడం మానివేయమన్న పిలుపుతో పల్లెలకు పల్లెలు మానివేశాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది ఒక్కనాడు ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేశారు. వాటిలో మద్యం ముట్టమన్న ప్రతిజ్ఞ కూడా ఉన్నది. ఏమి తినాలి, ఏమి కట్టాలి, ఏమి విడిచిపెట్టాలి అన్నది కలిసికట్టుగా నిర్ణయించుకొన్న సమాజం మనది. ఆ మార్పు భయం చేత కలగలేదు. ఆత్మగౌరవం చేత, అందరూ కలిసి చేయడం చేత కలిగింది.

కనుక మన ఉత్సవాల నుంచే మొదలుపెడదాము. ఏప్రిల్ 14 గడిచిన మరునాటి ఉదయం మన వీధులను ఒకసారి తలచుకొనండి. ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, చిరిగిన ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీలపై బాబాసాహెబ్ బొమ్మ. దానిని ఊడ్చి బండిలోకి ఎత్తే చెల్లెలు కూడా నిన్న ఊరేగింపులో నడిచినదే. ఆ దృశ్యం చూసిన తరువాత ఇది పరుల సమస్య అని అనలేము. ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలతో పాటు వంద మైక్రాన్లకు లోబడిన ప్లాస్టిక్ బ్యానర్లు కూడా 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమే. చట్టం ఉన్నది, ఆచరణ మనది.

ఈ సభ ముందు ఐదు సూచనలు ఉంచుతున్నాము. ఒకటి, మన విహారాల భోజనాలలో స్టీలు పళ్ళాలు, గ్లాసులు, లేదా అడవి బిడ్డలు కుట్టిన అడ్డాకు విస్తళ్ళు వాడుదాము. రెండు, ఫ్లెక్సీకి బదులు ఏటేటా దాచి వాడుకొనే గుడ్డ బ్యానరు కట్టుదాము. మూడు, ప్రతి ఇంటిలో తడి చెత్త, పొడి చెత్త, హాని చేసే చెత్త వేరుచేద్దాము. పగిలిన గాజును, బ్లేడును, వాడిన ప్యాడును కాగితంలో చుట్టి ఇద్దాము. అది ఎత్తే చేతికి మనం చేసే వందనం. నాలుగు, పెళ్ళిళ్ళలో ఆడంబరం తగ్గించి, మిగిలిన సొమ్ముతో పిల్లల చదువుకూ విహార గ్రంథాలయానికీ తోడ్పడుదాము. దీక్షాభూమికి వచ్చే జనం తిరిగి వెళ్ళేటప్పుడు పుస్తకాలు కొనుక్కొని వెళ్ళడం అందరూ ఎరిగినదే. కొనవలసిన వస్తువు ఏదో మన వారికి తెలుసు. ఐదు, మరమ్మతు చేసే మన కుట్టుపనివారిని, చెప్పులు కుట్టేవారిని, మెకానిక్కులను వెతికి పని ఇద్దాము. బాగుచేసిన ప్రతి వస్తువు వారి ఇంట అన్నమవుతుంది.

చివరిగా ఒక్క మాట. భిక్షువులు చీవరం ధరించేటప్పుడు, అన్నం స్వీకరించేటప్పుడు అది దేనికోసమో తలచుకొంటారు. చలికీ ఎండకూ, సిగ్గును కాపాడుకోవడానికీ చీవరం. ఆకలి తీర్చుకొని ధమ్మంలో నడవడానికి అన్నం. ఏదైనా కొనే ముందు మనము కూడా ఆ క్షణం ఆగుదాము. ఇది దేనికోసం? ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చింది? నా తరువాత ఎవరి చేతికి పోతుంది? ఈ మూడు ప్రశ్నలకు నిందలేని జవాబు దొరికితే నిశ్చింతగా కొనుక్కొందాము. ఆ వస్తువు మన గౌరవమే. దొరకకపోతే చేయి వెనక్కి తీసుకొందాము. అనాథపిండికునికి చెప్పిన నాలుగవ సుఖం అదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.